ఎంఎంఏనా, బాక్సింగా, కుస్తీనా? నల్లగొండ, పాలమూరు పిల్లలు పోల్చి చూసి ఎంచుకునే పద్ధతి

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పోరాట క్రీడల మీద మనసు పడ్డ పిల్లలు ముందు అడిగే మాట ఒకటే: "అన్నా, ఏది పవర్‌ఫుల్? ఎంఎంఏనా, బాక్సింగా?" ఎంఎంఏ అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, కొట్టడం, పట్టడం రెండూ కలిసిన పోటీ. ఫోన్లో చిన్న చిన్న వీడియోలు చూసి పుట్టే ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతుక్కుంటూనే కొందరు ఏ గ్రౌండులోనూ అడుగు పెట్టకుండా ఏళ్లు గడిపేస్తున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విద్యల పేర్లను పోల్చడం వల్ల లాభం లేదు. ఆ ఆటలో ఏ దెబ్బకు అనుమతి ఉందో చూడాలి. సాధనలో ఎదుటి మనిషి నిజంగా ఎదురు తిరుగుతాడో లేదో చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వారానికి నాలుగు రోజులు మీరు పోయి రాగలిగే దూరంలో దాన్ని బాగా నేర్పే మనిషి ఉన్నాడో లేడో చూడాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ చివరి ప్రశ్న పెద్దగా పట్టదు. దేవరకొండలోనో, వనపర్తిలోనో, మక్తల్‌లోనో ఉన్నవాళ్లకు సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

కింద చెప్పే మెట్లు వరుసగా ఎక్కండి. తొందరగా క్లాసులో చేరాలని ఉన్నా మొదటి మూడు మెట్లకు ఒక వారం ఇవ్వండి.

మొదటి మెట్టు: దూరాన్ని బట్టి పోరును విడదీయండి

ఇద్దరు తలపడినప్పుడు వాళ్ల మధ్య దూరం నాలుగు రకాలుగా ఉంటుంది. కాలు మాత్రమే అందే దూరం ఒకటి, పిడికిలి అందే దూరం ఇంకొకటి. మెడనో నడుమునో పట్టుకుని నిలబడే స్థితి మూడోది, దాన్ని క్లించ్ అంటారు. నాలుగోది నేల. ఏ విద్యనైనా తీసుకుని ఈ నాలుగింటిలో అది ఎక్కడ పని చేస్తుందో రాసుకోండి.

బాక్సింగ్ అంతా రెండో దూరంలోనే నడుస్తుంది. నడుము పైభాగం మీద, తల మీద పిడికిలితో కొట్టడం తప్ప ఇంకేదీ లేదు. జ్యాబ్ (ముందు చేత్తో సూటి గుద్దు), క్రాస్, హుక్, అప్పర్‌కట్ అనే గుద్దులు, వాటికి తోడు అడుగులు, తల కదలిక. వినడానికి ఇంతే. కానీ ఏళ్ల తరబడి ఈ కొన్నింటినే అరగదీస్తారు కాబట్టి చేతి దెబ్బ విషయంలో బాక్సింగ్‌ను మించిన విద్య లేదు. కిక్‌బాక్సింగ్ దీనికి కాళ్లను కలుపుతుంది. ముయే థాయ్ మోచేతులను, మోకాళ్లను, క్లించ్‌ను కూడా కలుపుతుంది.

తైక్వాండోలో కాలి వేగం అద్భుతంగా ఉంటుంది. అయితే పోటీలో ముఖం మీద పిడికిలి దెబ్బకు అనుమతి లేదు కాబట్టి ఆటగాళ్లు చేతులు కిందికి వదిలేసి నిలబడే అలవాటు పడుతుంది. కరాటేలో ఎన్నో శాఖలున్నాయి. మన పట్టణాల్లో ఎక్కువగా నేర్పే పద్ధతిలో దెబ్బను తాకీ తాకనట్టు ఆపాలి. క్యోకుషిన్ శాఖలో ఒంటి మీద గట్టిగా కొట్టుకుంటారు గానీ ముఖం మీద గుద్దకూడదు.

కుస్తీ, జూడో క్లించ్‌లో మొదలై నేల మీద ముగుస్తాయి. రెండింట్లోనూ కొట్టడం లేదు. జూడోలో జాకెట్ పట్టుకుని విసురుతారు. 2013 నుంచి పోటీల్లో ఎదుటివాడి కాళ్లను చేత్తో పట్టుకోవడం నిషేధం. అందుకే ఈ తరం జూడో ఆటగాళ్లకు కాళ్ల మీదికి వచ్చే పట్టును ఆపే అలవాటు తక్కువగా ఉంటుంది. బ్రెజిలియన్ జియు జిత్సు ఎక్కువ భాగం నేల మీదే సాగుతుంది. కీళ్లను మెలిపెట్టడం, మెడ బిగించడం దాని పని. ఎంఎంఏ ఈ నాలుగు దూరాలనూ ఒకే పంజరంలో (వల చుట్టిన బరిలో) కలిపేస్తుంది.

"అన్నీ ఉన్నాయంటే అన్నింటికంటే గొప్పదే కదా" అని ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అన్నీ నేర్చినవాడు ఒక్కో దూరంలో ఆ ఒక్కదాన్నే నేర్చినవాడికి సరితూగడు. ఎంఎంఏలో హెవీవెయిట్ చాంపియన్‌గా చేసి వచ్చిన ఫ్రాన్సిస్ ఎన్‌గానూ 2023 అక్టోబర్‌లో రియాద్‌లో బాక్సింగ్ రింగ్ ఎక్కి బాక్సింగ్ చాంపియన్ టైసన్ ఫ్యూరీని మూడో రౌండులో కింద పడేశాడు, చివరికి పాయింట్లలో కొద్దిలో ఓడాడు. అది చూసి తేడా ఏమీ లేదనుకున్నారు చాలామంది. మరుసటి మార్చిలో ఇంకో బాక్సర్ ఆంథొనీ జాషువా అదే ఎన్‌గానూను రెండో రౌండులోనే పడగొట్టాడు.

రెండో మెట్టు: నిబంధనలు చదవండి, శరీరం ఎందుకలా నిలబడుతుందో తెలుస్తుంది

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రౌండు మూడు నిమిషాలు, టైటిల్ పోటీ 12 రౌండ్ల దాకా పోతుంది. ఒకప్పుడు 15 ఉండేవి. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ పోటీలో తగిలిన దెబ్బలతో మరణించాక వాటిని తగ్గించారు. అమెచ్యూర్‌లో మూడు రౌండ్లు. ఎంఎంఏలో రౌండు ఐదు నిమిషాలు, మామూలు పోటీకి మూడు, టైటిల్‌కు ఐదు. కుస్తీ ఫ్రీస్టయిల్‌లో మూడు నిమిషాల చొప్పున రెండు భాగాలే. ముయే థాయ్‌లో మూడు నిమిషాల చొప్పున ఐదు రౌండ్లు.

ఈ అంకెలు దమ్ము సంగతి చెప్తాయి. గ్లౌజ్ సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రొఫెషనల్ బాక్సర్లకు 8 లేదా 10 ఔన్సుల గ్లౌజ్, ఎంఎంఏలో సుమారు 4 ఔన్సులు, అదీ వేళ్లు బయటికి ఉండేలా. బాక్సర్ పెద్ద గ్లౌజ్‌ను ముఖానికి అడ్డం పెట్టుకుని దెబ్బలు కాచుకోగలడు. అదే అలవాటుతో ఎంఎంఏలో చేతులు అడ్డం పెడితే సందుల్లోంచి చిన్న గ్లౌజ్ దూరిపోతుంది. కాబట్టి అక్కడ అడ్డుకోవడం కంటే దూరంగా జరగడం, ఎదుటివాడి చేతిని పట్టుకోవడం ఎక్కువ పనికొస్తాయి.

నిలబడే తీరు కూడా ఇంతే. బాక్సర్ కొంచెం పక్కకు తిరిగి, ముందు కాలి మీద బరువు వేసి, దెబ్బను తప్పించుకోవడానికి నడుము దగ్గర వంగుతాడు. ఎంఎంఏలో ఆ ముందు కాలి పిక్క మీద తన్నులు పడతాయి. వంగిన తలకు మోకాలు ఎదురొస్తుంది. అందుకే ఎంఎంఏ ఆటగాడు ఎదుటివాడికి కాస్త ఎదురుగా తిరిగి, కాళ్లు వెడల్పుగా పెట్టి, కాళ్ల పట్టు వస్తే తుంటిని వెనక్కి విసిరి కిందికి వాలిపోయేలా సిద్ధంగా ఉంటాడు. ఆ వాలడాన్నే స్ప్రాల్ అంటారు. బాక్సింగ్ రింగులో అలా నిలబడ్డవాణ్ని మంచి బాక్సర్ జ్యాబ్‌తోనే కూర్చోబెడతాడు. ఏ నిలబడే తీరూ తప్పు కాదు, ఏ నిబంధనకు ఆ కాళ్లు.

పడిపోయాక ఏం జరుగుతుందన్నదీ చూడండి. బాక్సింగ్‌లో పది లెక్కపెడతారు, లేచినవాడు మళ్లీ కొట్టించుకోవచ్చు. ఎంఎంఏలో పడ్డవాడి మీద పడి కొట్టడానికి అనుమతి ఉంది, కానీ అతను తనను తాను కాపాడుకోలేకపోతున్నాడనిపించిన క్షణంలో రిఫరీ ఆపేస్తాడు. నేల మీద ఉన్నవాడి తలను తన్నడం, తలకు మోకాలు వేయడం నిషేధం. కళ్లలో వేళ్లు పెట్టడం, వెన్నెముక మీద, తల వెనుక భాగం మీద కొట్టడం కూడా ఫౌలే. ఈ నిబంధనలు 2000లో అమెరికాలోని న్యూజెర్సీలో రూపు దిద్దుకున్నాయి. ఎంఎంఏ అంటే అడ్డూ అదుపూ లేని కొట్లాట అనుకునే ఇంటి పెద్దలకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

మూడో మెట్టు: కొన్ని పోటీలను నోటుబుక్కు పెట్టుకుని చూడండి

1976 జూన్ 26న టోక్యోలో మహమ్మద్ అలీ, జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకి తలపడ్డారు. ఆ ఒక్క పోటీ కోసం ప్రత్యేకంగా నిబంధనలు రాసుకున్నారు. ఇనోకి ఎక్కువసేపు వెల్లకిలా పడుకుని అలీ కాళ్ల మీద తన్నుతూ ఉన్నాడు. నిలబడ్డవాణ్ని కొట్టడంలో ప్రపంచంలోనే మేటి అయిన అలీకి 15 రౌండ్లలో కొట్టడానికి ఏమీ దొరకలేదు. పోటీ డ్రా అయింది, అలీ కాళ్లు వాచి తర్వాత ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. జనానికి విసుగు పుట్టించిన పోటీ అది. కాలి దెబ్బ విలువ తెలుసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం మంచి పాఠం.

1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (అమెరికా ఎంఎంఏ సంస్థ) పోటీల్లో ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్ ఎడమ చేతికి మాత్రమే గ్లౌజ్ వేసుకుని దిగాడు. జియు జిత్సు నేర్చిన రాయిస్ గ్రేసీ అతన్ని కింద పడేసి మీద కూర్చున్నాడు. జిమ్మర్సన్‌కు ఏం చేయాలో తోచలేదు, చేత్తో తట్టి (ట్యాప్ చేసి) ఓటమి ఒప్పుకున్నాడు. 2010 ఆగస్టులో బాక్సింగ్ చాంపియన్ జేమ్స్ టోనీకి కూడా ఇదే అయింది. ఎంఎంఏ ఆటగాడు ర్యాండీ కుటూర్ మొదటి రౌండులోనే కాలు పట్టి పడేసి మెడ బిగించాడు.

ఇప్పుడు తిరగేసి చూడండి. 2017 ఆగస్టు 26న ఎంఎంఏ తార కానర్ మెక్‌గ్రెగర్ లాస్ వేగాస్‌లో ఫ్లాయిడ్ మేవెదర్‌తో బాక్సింగ్ ఆడాడు. తొలి రౌండ్లలో బాగానే నిలిచాడు, ఆ తర్వాత దమ్ము తగ్గింది, పదో రౌండులో రిఫరీ ఆపేశాడు. ఒకే మనిషి, నిబంధన మారింది, ఫలితం మారింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ 2015 నవంబర్‌లో మెల్‌బోర్న్‌లో జరిగింది. రోండా రౌసీ జూడోలో 2008 ఒలింపిక్ కాంస్య విజేత, అప్పటికి ఎంఎంఏలో ఎదురులేని చాంపియన్. హోలీ హోమ్ బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్‌గా చేసి వచ్చింది. "పడగొట్టేవాళ్లదే గెలుపు" అన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించేది. హోమ్ పట్టుకు దొరకకుండా పక్కకు అడుగులు వేస్తూ, మీదికి ఉరికిన రౌసీని ఎడమ చేత్తో ఆపుతూ, రెండో రౌండులో తల మీద తన్నుతో ముగించింది. ఆమెకు పనికొచ్చింది బాక్సింగ్ అడుగులు. దాన్ని పనికొచ్చేలా చేసింది పట్టును విడిపించుకునే సాధన.

ఒక్కో పోటీ చూస్తున్నప్పుడు ఒక్కో రౌండులో ఎంతసేపు ఏ దూరంలో గడిచిందో రాసుకోండి. ఎవరు కోరుకున్న దూరంలో పోటీ నడిచిందో వాళ్లే చాలాసార్లు గెలవడం మీకే కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: మీ ఒంట్లో ఇప్పటికే ఉన్న ఆటను లెక్కలోకి తీసుకోండి

మన పిల్లలు ఇక్కడే తమను తాము తక్కువ చేసుకుంటారు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కబడ్డీ కోర్టు గీయని ఊరు అరుదు. స్కూలు నుంచి కబడ్డీ ఆడినవాడికి పోరాట క్రీడల్లో ఏమీ రాదనుకోవడం పొరపాటు. యాంకిల్ హోల్డ్ అంటే పారిపోతున్న మనిషి చీలమండను అందుకోవడం. థై హోల్డ్ పట్టేవాడి శరీరం దాదాపు కుస్తీలో ఒంటికాలు పట్టు పట్టేవాడిలాగే కదులుతుంది. రైడర్‌కు దూరం అంచనా, ఒక్కసారిగా దిశ మార్చడం, పట్టులోంచి గుంజుకోవడం అలవాటే. చాలా జిమ్ములు కొత్తవాళ్లకు నెలల తరబడి నేర్పేది ఇదే.

అయితే ఒక అలవాటు మాన్పించాలి. కబడ్డీలో తొడ పట్టుకున్నప్పుడు తల ఎక్కడున్నా పెద్దగా నష్టం లేదు. ఎంఎంఏలో తల కిందికి వాలి, మెడ ఎదుటివాడి చంకలోకి పోతే గిలటిన్ అనే పట్టుతో గొంతు బిగిస్తాడు. తల పైకి ఎత్తి, చెవిని ఎదుటివాడి పక్కటెముకలకు ఆనించి పట్టడం మొదటి రోజు నుంచీ నేర్చుకోవాలి. ఇంకొకటి, కబడ్డీలో పట్టుకుని ఆపితే చాలు. ఇక్కడ పడేశాక కూడా పని మిగిలే ఉంటుంది.

కర్ణాటక అంచున నారాయణపేట, మక్తల్ వైపు ఊళ్లలో జాతరలకు కుస్తీలు పెట్టడం పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు, కొందరు చూసే ఉంటారు. తాలీంఖానాలో ఉస్తాద్ దగ్గర ఎర్రమట్టిలో దిగిన పిల్లవాడికి నడుము బలం, మెడ బలం, పట్టు వేరే స్థాయిలో ఉంటాయి. దండ్లు, బైఠక్‌లు అతనికి కొత్త కాదు. మట్టిలోంచి మ్యాట్ మీదికి, మ్యాట్ మీది నుంచి ఎంఎంఏలోకి మారడం నిలబడి కొట్టుకునే ఆటల నుంచి మారడం కంటే తేలిక అని నా నమ్మకం. భుజాలు నేలకు తగలకుండా బోర్లా తిరిగే అలవాటును మాత్రం వదిలించుకోవాలి. కుస్తీలో బోర్లా పడుకుంటే ఓటమి తప్పుతుంది. ఎంఎంఏలో బోర్లా తిరిగినవాడి వీపు ఎక్కి వెనుక నుంచి మెడ బిగిస్తారు.

ఒక ఆట పునాదితో ఎంఎంఏలోకి వచ్చినవాళ్లకు ఉదాహరణలు మన దేశంలోనూ, బయటా ఉన్నాయి. కామన్వెల్త్ కుస్తీ పోటీల్లో బంగారు పతకం గెలిచిన రితూ ఫొగట్ 2019లో వన్ చాంపియన్‌షిప్ అనే సంస్థ పోటీలతో ఎంఎంఏలోకి దిగింది. రష్యాలోని దాగెస్తాన్ నుంచి వచ్చిన ఖబీబ్ నుర్మగొమెదోవ్ సాంబో (రష్యా పట్టు విద్య), కుస్తీ పునాదితో 29 పోటీలు ఆడి ఒక్కటీ ఓడకుండా 2020లో విరమించాడు. వూషూ (చైనా పోరాట విద్య) ఆటగత్తె పూజా తోమర్ 2024లో యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. వీళ్లలో ఎవరూ "అన్నీ" నేర్చుకోవడంతో మొదలుపెట్టలేదు. ఒకటి లోతుగా వచ్చాక మిగతావి చేర్చుకున్నారు.

ఐదో మెట్టు: చేరే ముందు ఒక క్లాసు మొత్తం పక్కన కూర్చుని చూడండి

డబ్బులు కట్టక ముందు ఈ పని చేయండి. చూడనివ్వని చోట చేరకండి.

మొదట చూడాల్సింది, జంటగా సాధన చేస్తున్నప్పుడు రెండోవాడు ఏం చేస్తున్నాడన్నది. బొమ్మలా నిలబడి కొట్టించుకుంటున్నాడా, తప్పించుకుంటూ తిరిగి కొడుతున్నాడా? గాల్లో కొట్టడం, వరుసలో నిలబడి అరవడం వ్యాయామానికి బాగానే ఉంటుంది. ఎదురు తిరిగే మనిషి మీద పనిచేయని టెక్నిక్ మీకు వచ్చినట్టు కాదు. ఈ ఒక్క పరీక్షలో మంచి కరాటే క్లాసు నెగ్గవచ్చు, నాసిరకం ఎంఎంఏ జిమ్ము తప్పవచ్చు. బోర్డు మీద ఏం రాసుందో పట్టించుకోకండి.

రెండోది, కొత్తవాళ్లను ఎలా చూస్తున్నారు. చేరిన మొదటి వారంలోనే గట్టిగా కొట్టించే స్పారింగ్ (జిమ్ములో సాధన పోరు)లోకి తోసే చోటు నుంచి వెంటనే బయటికి రండి. తల తిరుగుతోందని చెప్పిన పిల్లవాణ్ని సార్ కూర్చోబెట్టాడా, "ఏం కాదు, లే" అన్నాడా గమనించండి. నేను కోచ్‌ను అంచనా వేసేది ముఖ్యంగా దీన్ని బట్టే.

తర్వాత అడగాల్సినవి: మీ దగ్గర నేర్చినవాళ్లు ఏ పోటీలకు వెళ్లారు? ఎంఎంఏ బోర్డు ఉంటే, కుస్తీ భాగం ఎవరు చెప్తారు, నేల మీది భాగం ఎవరు చెప్తారు? బెల్టు పరీక్షలకు ఏడాదికి ఎంత అవుతుంది? ఆడపిల్లలు ఎంతమంది వస్తున్నారు, వాళ్లకు జంటగా ఎవరిని ఇస్తారు? మ్యాట్‌ను రోజూ కడుగుతారా? చివరి ప్రశ్నను చిన్నదిగా తీసుకోకండి. పట్టు ఆటల్లో తామర ఒకరి నుంచి ఒకరికి చాలా తేలికగా అంటుకుంటుంది.

ఎవరికీ తెలియని ప్రాణాంతక దెబ్బ నేర్పుతాననేవాళ్లు, కొద్ది నెలల్లో బ్లాక్ బెల్టు ఇస్తాననేవాళ్లు కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మంచి గురువు ఒక్కడుంటే జిల్లా ఏమవుతుందో చూడాలంటే నిజామాబాద్‌ను చూడండి. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. మహ్మద్ హుసాముద్దీన్ రెండు కామన్వెల్త్ కాంస్యాలతో పాటు 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. హుసాముద్దీన్ తండ్రి శంసముద్దీన్ అక్కడ పిల్లలకు బాక్సింగ్ నేర్పిన కోచ్. మన దగ్గర నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలోనో, పాలమూరు స్టేడియం గ్రౌండులోనో, మీ మండల కేంద్రంలోని స్కూలు గ్రౌండులోనో ఏ ఆటకు అలాంటి మనిషి దొరికితే ఆ ఆటతో మొదలుపెట్టండి. బాక్సింగ్ కోసం వెతుకుతుంటే మంచి జూడో సార్ దొరికారా? జూడోలో చేరండి. రెండేళ్ల మంచి జూడో ఆరు నెలల చెడ్డ ఎంఎంఏ కంటే ఎక్కువ ఇస్తుంది.

ఆరో మెట్టు: దేని కోసమో ముందే తేల్చుకోండి

పతకం, స్పోర్ట్స్ కోటా, ఉద్యోగం మీ ఆలోచనైతే ఒలింపిక్ ఆటల వైపు వెళ్లండి. బాక్సింగ్, కుస్తీ, జూడో, తైక్వాండో ఆ జాబితాలో ఉన్నాయి. 2028 లాస్ ఏంజెలిస్‌లో బాక్సింగ్ ఉంటుందని 2025లో ఖరారైంది. కరాటే టోక్యోలో మాత్రమే కనిపించింది. ఎంఎంఏ ఒలింపిక్స్‌లో లేదు. కోటా నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులోని ఆటల జాబితాను, ఏ స్థాయి సర్టిఫికెట్ చెల్లుతుందన్నదాన్ని మీరే చదవండి, జిమ్మువాళ్ల మాట మీద ఆధారపడకండి. నిఖత్‌కు తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది బాక్సింగ్‌లో సాధించినదానికే.

ప్రొఫెషనల్ ఎంఎంఏ మీ కలైతే అది మంచి కలే. అన్షుల్ జుబ్లీ డెహ్రాడూన్ నుంచి 2023లో యూఎఫ్‌సీ దాకా వెళ్లాడు. కానీ డిగ్రీనో, ఐటీఐనో ఆపేసి దాని మీదే పడకండి. ఈ దారిలో తొలి ఏళ్లలో వచ్చేదానికంటే పెట్టేదే ఎక్కువ.

ఆత్మరక్షణ కోసమైతే బాక్సింగ్ అడుగులు, పట్టు విడిపించుకోవడం, కింద పడితే లేవడం, ఇవి చాలు. రోడ్డు మీద గొడవలో నేలపై పొర్లడం వద్దు, ఇంకో ఇద్దరు వస్తే తప్పించుకోలేరు. పరిగెత్తే వీలుంటే పరిగెత్తండి. ఒళ్లు తగ్గడానికైతే ఏదైనా సరే, ఇంటికి దగ్గరున్నది ఎంచుకోండి.

ఏడో మెట్టు: దెబ్బల లెక్క తెలుసుకోండి

ఏది ఎక్కువ ప్రమాదం అన్న ప్రశ్నకు కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం పదేళ్ల పోటీల వైద్య పరీక్షలను చూసి 2015లో ఒక జవాబిచ్చింది. పోటీలో ఏదో ఒక గాయమైనవాళ్లు ఎంఎంఏలో 59 శాతం, బాక్సింగ్‌లో 50 శాతం. స్పృహ తప్పినవాళ్లు మాత్రం బాక్సింగ్‌లోనే ఎక్కువ, 7 శాతం. ఎంఎంఏలో 4 శాతం. అంటే ఎంఎంఏలో కోతలు, కమిలిన గాయాలు ఎక్కువ, తలకు తగిలే తీవ్రమైన దెబ్బలు బాక్సింగ్‌లో ఎక్కువ. బాక్సింగ్‌లో ప్రధాన లక్ష్యం తలే, పైగా పడి లేచి మళ్లీ కొట్టించుకునే అవకాశం ఉంది కాబట్టి ఇది అర్థమయ్యే విషయమే.

పోటీ కంటే జిమ్ములో రోజూ తగిలే దెబ్బలే ఎక్కువగా పోగవుతాయి. కాబట్టి గట్టి స్పారింగ్‌ను అరుదుగా పెట్టుకోండి. మిగతా రోజుల్లో తాకి వదిలేసే స్పారింగ్ చాలు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది, మెదడు కుదుపును ఆపలేదు. తలకు దెబ్బ తగిలాక వాంతి, మగత, మాట తడబడటం, తలనొప్పి పెరగడం కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టర్ సరే అనేదాకా స్పారింగ్ బంద్. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండో దెబ్బ ప్రాణం తీయగలదు.

పట్టు ఆటల్లో మోకాలు, భుజం, వేళ్లు, చెవి దెబ్బతింటాయి. ఇక్కడ మిమ్మల్ని కాపాడేది ట్యాప్. నొప్పి మొదలవక ముందే చేత్తో రెండు మూడుసార్లు గట్టిగా తట్టండి, చెయ్యి ఇరుక్కుంటే నోటితో చెప్పండి. మెడ బిగిసిన కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా రెండు మాటలు. మర్రిగూడ, మునుగోడు వైపు పాత ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగి, నడుము, మోకాళ్లు, మెడ బిగుసుకున్నట్టుగా ఉండేవాళ్లు విసిరే ఆటల్లో చేరే ముందు ఎముకల డాక్టర్‌కు చూపించుకోవాలి. ఫ్లోరోసిస్ వెన్నును, కీళ్లను బిగదీస్తుంది, అలాంటి మెడను మెలిపెట్టించుకోకూడదు. రెండోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. సాధన పొద్దున ఏడులోపు ముగించండి, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి. బరువు తగ్గడం కోసం నీళ్లు మానేసి చెమట సూట్ వేసుకుని పరిగెత్తడం ఈ ఎండలో ఆత్మహత్యతో సమానం. 2015 డిసెంబర్‌లో యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా ఎంఎంఏ ఆటగాడు పోటీకి బరువు తగ్గించుకుంటూ చనిపోయాడు. ఆ తర్వాత వన్ చాంపియన్‌షిప్ నీరు తీసేసి బరువు తగ్గే పద్ధతినే నిషేధించింది.

ఎనిమిదో మెట్టు: మొదటి ఏడాది ఇలా గడపండి

మొదటి రెండు నెలలు ఒక్క పునాది ఆటే. వారానికి నాలుగు రోజులు. తాడాట, దండ్లు, బైఠక్‌లు, మెడ వ్యాయామం, నిలబడే తీరు, అడుగులు. బాక్సింగ్ అయితే నాలుగున్నర మీటర్ల హ్యాండ్ ర్యాప్స్, దవడకు సరిపడే మౌత్‌గార్డ్, 12 నుంచి 16 ఔన్సుల ట్రైనింగ్ గ్లౌజ్ కొనుక్కోండి. ముందు మౌత్‌గార్డ్ కొనండి, గ్లౌజ్ జిమ్ములో దొరకవచ్చు. చిన్న ఎంఎంఏ గ్లౌజ్ ఇప్పుడు అక్కర్లేదు.

మూడు నుంచి ఆరో నెల దాకా అదే ఆట కొనసాగిస్తూ, వారానికి ఒక్క రోజు దానికి వ్యతిరేకమైన ఆటను కలపండి. బాక్సింగ్ నేర్చుకుంటుంటే కుస్తీనో జూడోనో, కుస్తీలో ఉంటే బాక్సింగ్. ఆ రోజు చేయాల్సిన పని ఒకటే: పడకుండా ఉండటం, పడితే లేవడం. తెలిసిన కబడ్డీ ఆటగాడిని పిలిచి కాళ్లు పట్టమనండి, మీరు స్ప్రాల్ చేయండి. కింద గడ్డి నేల గానీ, మందమైన పరుపు గానీ ఉండాలి.

తిండికి ఖరీదైన పౌడర్ డబ్బాలు అవసరం లేదు. జొన్నరొట్టె, పప్పు, గుడ్లు, పెరుగు, ఉడికించిన పెసలు మన ఇంట్లోనే ఉన్నాయి. నూరు గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, పాలమూరులో వాటికి కొదవే లేదు.

ఏడో నెల నుంచి హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు వంద కిలోమీటర్లు, రైలుంది, బస్సుంది. రోజూ పోవడం వల్ల అలసట తప్ప లాభం లేదు. నెలకు రెండు ఆదివారాలు మంచి ఎంఎంఏ లేదా జియు జిత్సు జిమ్ముకు వెళ్లి, నేర్చుకున్న రెండు మూడు విషయాలు రాసుకుని వచ్చి, మిగతా రోజులు వాటినే ఇక్కడ జంటగా చేసుకోండి. మీతో పాటు ఇంకొకరిని తీసుకెళ్లడం తప్పనిసరి, లేకపోతే ఇంటికొచ్చాక సాధన చేయడానికి మనిషి ఉండడు.

ఏడాది చివర్లో మొదటి పోటీ మీ పునాది ఆటలోనే ఆడండి. జిల్లా స్థాయి అమెచ్యూర్ బాక్సింగ్ కావచ్చు, కుస్తీ కావచ్చు. జనం ముందు, గంట మోగాక, గుండె దడదడలాడుతుంటే నేర్చింది ఎంత మిగులుతుందో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత జిమ్ములో ఒక పరీక్ష పెట్టుకోండి: ఐదు నిమిషాల రౌండ్లు మూడు, తక్కువ బలంతో, మొదటిది బాక్సర్‌తో, రెండోది పహిల్వాన్‌తో, మూడోది నేల మీద ఆడేవాడితో. మూడింట్లోనూ కంగారుపడకుండా ఊపిరి పీల్చుకుంటూ చివరిదాకా నిలబడగలిగితే ఎంఎంఏ సాధనను వారంలో సగం రోజులకు పెంచవచ్చు.

అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేసి "తమ్మీ, వచ్చే నెల ఫైట్ ఉంది, వస్తవా?" అని అడుగుతారు. ఒప్పుకునే ముందు పోటీ ఏ సంఘం ఆధ్వర్యంలో జరుగుతోందో, రిఫరీ ఎవరో, ఎదుటివాడి బరువు, ఆడిన పోటీలు ఎన్నో రాతపూర్వకంగా తీసుకోండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ రక్త పరీక్షలు, కంటి పరీక్ష ఇద్దరికీ అడుగుతున్నారా? పంజరం పక్కన డాక్టర్, గేటు దగ్గర అంబులెన్స్ ఉంటాయా? దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారు? ఈ జవాబులు మీ సార్ ముందు, ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా ఆ పోటీకి పేరు ఇవ్వకండి.